మాట సన్నగిల్లిన చోట



కొన్నేళ్ల కిందట ఒక తల్లి పదమూడేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. చేతిలో బట్టల షాపువాళ్లు ఇచ్చిన సంచి, దాన్నిండా కాగితాలు. పిల్లవాడికి ఏడాది నిండకుండానే జరిగిన గుండె ఆపరేషన్ తాలూకు డిశ్చార్జి సమ్మరీ, ఎకో రిపోర్టులు, అంగిలి చూపించిన చోట రాసిచ్చిన చీటీలు, రక్తపరీక్షలు. నేను క్లినికల్ సైకాలజిస్టుని. పిల్లల ఆలోచనాశక్తిని పరీక్షించి చూడడం నా రోజువారీ పని. "ఏమ్మా, ఏమిటి ఇబ్బంది?" అని అడిగితే ఆవిడ కాసేపు తటపటాయించింది.

"ఇబ్బందని చెప్పడానికి కూడా లేదండీ. వీడు సినిమా చూసొస్తే చెల్లెల్ని కూర్చోబెట్టుకుని మొదట్నుంచీ శుభం కార్డు దాకా కథంతా చెప్పేవాడు. మధ్యలో ఫైట్లు కూడా చేసి చూపించేవాడు. ఏడాదిగా చెప్పడం లేదు. ఎలా ఉందిరా అంటే బాగుంది అంటాడు. చివరికి ఏమైందిరా అంటే హీరో గెలిచాడు అంటాడు. అంతే."

తండ్రి అది లెక్కచేయలేదట. పిల్లవాడు ఎదుగుతున్నాడు, ఇంకా చెల్లెలికి కథలు చెబుతూ కూర్చుంటాడా అన్నాడట. బడిలో టీచరయితే సంతోషించింది, అల్లరి తగ్గింది, బుద్ధిగా కూర్చుంటున్నాడని. తల్లి మనసు మాత్రం ఒప్పుకోలేదు. వెళ్లబోతూ ఆవిడ ఇంకో మాట అంది. "వాడు చెప్పనని మొండికేయడం లేదండీ. చెప్పబోతాడు. మధ్యలో దారి తప్పిపోతాడు."

ఈ ఉదయం మీతో మాట్లాడదలచుకున్నది ఆ దారి తప్పడం గురించే. ఆ పిల్లవాడికి పుట్టుకతో ఒక జన్యులోపం ఉంది. దాని పేరు 22క్యూ11.2 డిలీషన్ సిండ్రోమ్. పేరు చూస్తే నోరు తిరగదు గానీ, అది ఒక చిరునామా, అంతే. మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములు ఉంటాయి కదా. వాటిలో ఇరవై రెండోది బాగా చిన్నది. ప్రతి క్రోమోజోముకీ ఒక పొట్టి చెయ్యి, ఒక పొడుగు చెయ్యి ఉంటాయి. పొడుగు చేతిని క్యూ అంటారు. ఆ పొడుగు చేతిలో, మొదలుకి దగ్గరగా ఉన్న ఇంటి నంబరు 11.2. ఆ ఇంట్లో ఒక ముక్క ఊడిపోతే ఈ లోపం వస్తుంది. జన్యుభాషలో లెక్కిస్తే ఎక్కువమందిలో ఊడిపోయే ముక్క సుమారు 30 లక్షల అక్షరాల పొడవు ఉంటుంది. నలభైకి పైగా జన్యువులు అందులో పోతాయి. జతలో రెండో క్రోమోజోము మాత్రం బాగానే ఉంటుంది. రెండు ఎద్దులు లాగాల్సిన బండిని ఒక్క ఎద్దు లాగినట్టు శరీరం ఆ మిగిలిన దానితోనే నెట్టుకొస్తుంది.

ప్రపంచంలో ఎక్కడైనా సుమారు రెండువేల నుంచి నాలుగువేల కాన్పులకు ఒక బిడ్డ దీనితో పుడుతుందని అంచనా. మన ఇళ్లలో ఇలాంటి బిడ్డ పుట్టినప్పుడు మొదట వినిపించే మాట మేనరికం. రెండో మాట గ్రహణం. పెదవి చీలికకు మనం గ్రహణం మొర్రి అనే పేరు పెట్టుకున్నాం, అంగిలి లోపాన్ని కూడా ఆ లెక్కలోనే కలిపేస్తాం. గ్రహణం నాడు తలుపులు వేసుకుని పడుకోలేదని ఆ తల్లిని జీవితాంతం సాధిస్తారు. ఈ రెంటికీ దీనితో సంబంధం లేదు. పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి ఈ ముక్క కొత్తగానే ఊడుతుంది. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు అది. తల్లిలోనూ ఉండదు, తండ్రిలోనూ ఉండదు. పదోవంతు మందికి మాత్రం తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. ఆ తల్లిలోనో తండ్రిలోనో లోపం ఉన్నట్టు చాలాసార్లు బిడ్డకు పరీక్ష చేశాకే బయటపడుతుంది. ఈ లోపం ఉన్నవాళ్లు పెద్దయి పెళ్లి చేసుకుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. మేనరికాల వల్ల ముప్పు పెరిగే జబ్బులు వేరే ఉన్నాయి, వాటి గురించి ఇంకోసారి మాట్లాడుకోవచ్చు. దీన్ని మాత్రం ఆ ఖాతాలో వేయకండి.

ఈ జబ్బుకి చాలాకాలం ఒక్క పేరంటూ లేదు. ప్రాగ్‌లో గొంతు, మాటల వైద్యం చేసే ఏవా సెడ్లాచ్‌కోవా అనే డాక్టరు 1955లో ముక్కుతో మాట్లాడే కొందరు పిల్లల్ని చూసి, వాళ్ల ముఖాల్లో ఏదో పోలిక ఉందని రాసింది. అమెరికాలో ఫిలడెల్ఫియా డాక్టరు ఏంజెలో డిజార్జ్ 1965లో, థైమస్ గ్రంథి లేకుండా పుట్టి, కాల్షియం పడిపోయి, అంటువ్యాధులకు లొంగిపోయే పసిబిడ్డల గురించి చెప్పాడు. న్యూయార్క్‌లో రాబర్ట్ ష్ప్రింట్‌జెన్ 1978లో అంగిలి, గుండె, ముఖం మూడింటినీ కలిపి మరో పేరు పెట్టాడు. ఎవరి గది కిటికీలోంచి వాళ్లు చూశారు. 1990ల మొదట్లో క్రోమోజోముల మీద అతి చిన్న ఖాళీని కూడా పట్టుకునే పరీక్షలు వచ్చాక తేలింది, ఈ పిల్లల్లో చాలామందికి పోయింది ఒకే ముక్క అని.

అయినా చికిత్సలో గుండె గుండె డాక్టరుకి పోయింది, అంగిలి సర్జనుకి పోయింది, ఫిట్స్ వస్తే న్యూరాలజీకి. మనసు ఎవరి వంతుకీ రాలేదు. దానికి కారణం కూడా ఉంది. గుండె ఆపరేషన్లు బాగా జరగడం మొదలయ్యాకే ఈ పిల్లలు పెద్దసంఖ్యలో పెద్దవాళ్లయ్యారు. పెద్దయ్యాక కొందరిలో సైకోసిస్ కనబడుతోందని ష్ప్రింట్‌జెన్ బృందమే 1992లో రాసింది. బ్రిటన్‌లోని కార్డిఫ్ నుంచి 1999లో వచ్చిన ఒక అధ్యయనం ఈ లోపం ఉన్న 50 మంది పెద్దవాళ్లను పరీక్షించింది. వాళ్లలో 15 మందికి సైకోసిస్ తరహా జబ్బు ఉంది, అందులో 12 మందిది స్కిజోఫ్రీనియా. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలు కూడా దాదాపు అదే చెబుతూ వచ్చాయి. ఈ లోపం ఉన్నవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి స్కిజోఫ్రీనియా గానీ దానికి దగ్గరి జబ్బు గానీ వస్తుంది. మామూలు జనాభాలో స్కిజోఫ్రీనియా వచ్చేది నూటికి ఒకరికి, అంతకు లోపే.

ఈ లెక్క చెప్పినప్పుడల్లా తల్లిదండ్రుల ముఖాలు చూస్తాను. నలుగురిలో ఒకరు అన్నమాటే వాళ్లకు వినబడుతుంది. మిగతా ముగ్గురికీ రాదన్నమాట వినబడదు. అందుకే రెండుసార్లు చెబుతాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఎక్కువమందికి రాదు.

సైకోసిస్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పుకుందాం. లేని గొంతులు వినిపించడం, ఎవరో తన మీద కుట్ర పన్నుతున్నారని, టీవీలో తన గురించే చెబుతున్నారని గట్టిగా నమ్మడం, ఆలోచనల వరస తెగిపోవడం. గాలి సోకిందని, చేతబడి అని మన ఊళ్లలో తాయెత్తులు కట్టిస్తూ తిరిగే స్థితి అది. అప్పటికి జబ్బు ముదిరి చాలాకాలం అయి ఉంటుంది. గొంతులు వినబడడం మొదలుకాకముందే ఏదైనా గుర్తు ఉందా? ఆలోచనాశక్తిలో అది కనబడుతుందా? ఈ ప్రశ్నకు మామూలు జనాభాలో జవాబు వెతకడం కష్టం. నూటికి ఒక్కరి కోసం వందలమంది పిల్లల్ని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. 22క్యూ పిల్లల సంగతి వేరు. వాళ్లకు ముప్పు ఉందని జన్యుపరీక్షతో పసితనంలోనే తెలుసుకోవచ్చు.

అందుకే అమెరికా, కెనడా, యూరప్, ఇజ్రాయెల్ దేశాల్లో ఈ పిల్లల్ని చూస్తున్న వైద్యకేంద్రాలు తమ పరీక్షల ఫలితాలన్నీ ఒక్కచోట చేర్చాయి. డచ్ మనోవైద్యుడు యాకబ్ వోర్‌స్ట్‌మన్, ఆయన సహచరులు ఆ లెక్కలను 2015లో ప్రచురించారు. మొత్తం 829 మంది. వాళ్లలో 411 మందికి ఐక్యూ పరీక్ష ఒకటికంటే ఎక్కువసార్లు జరిగింది. నా దృష్టిలో అసలు విలువంతా ఆ రెండోసారి పరీక్షలోనే ఉంది. ఎనిమిదేళ్ల వయసు నుంచి ఇరవై నాలుగేళ్ల దాకా చూస్తే, ఈ లోపం ఉన్నవాళ్ల ఐక్యూ సగటున 7 పాయింట్లు తగ్గింది. భాషతో, మాటలతో చేసే ఆలోచన ఒక్కదాన్నే విడదీస్తే తగ్గుదల సుమారు 9 పాయింట్లు. ఇది అందరి సగటు. తర్వాత సైకోసిస్ వచ్చినవాళ్లను పక్కకు తీసి చూస్తే గీత ఇంకా నిలువుగా కిందికి దిగింది. ఆ రెండు గుంపుల గీతలూ మాటల పరీక్షలో ఎక్కడ విడిపోయాయో తెలుసా? పదకొండేళ్ల దగ్గర.

పదకొండేళ్లంటే ఆరో తరగతి. సైకోసిస్ మామూలుగా బయటపడేది పదహారు పదిహేడేళ్లు దాటాక, ఇరవైల్లో. అంటే పిల్లవాడు హైస్కూల్లో అడుగుపెట్టేనాటికే మాట సన్నగిల్లడం మొదలైంది. జబ్బు రావడానికి ఇంకా కొన్నేళ్లు ఉంది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి. ఐక్యూ తగ్గిందంటే పిల్లవాడు నేర్చుకున్నది మరిచిపోతున్నాడని అర్థం కానక్కరలేదు. ఐక్యూ లెక్క ఎప్పుడూ తోటి వయసు పిల్లలతో పోల్చి వేస్తారు. అంగన్‌వాడీలో బిడ్డను తూచి చార్టు మీద చుక్క పెడతారు కదా. ఒక్క చుక్కతో ఏమీ తెలియదు. కొందరు బిడ్డలు పుట్టుకతోనే సన్నగా ఉంటారు, వాళ్ల గీత కిందగానే నడుస్తుంది గానీ పైకి నడుస్తుంది. అంగన్‌వాడీ టీచరు కంగారుపడేది పైకి వెళ్లాల్సిన గీత అడ్డంగా తిరిగినప్పుడు. మూడు నెలలుగా బరువు కదలకపోతే, బిడ్డ తగ్గలేదు కదా అని ఎవరూ ఊరుకోరు. ఆలోచనా అంతే. ఎనిమిదేళ్లప్పుడు మాట్లాడినట్టే పదమూడేళ్లకీ మాట్లాడుతున్నాడంటే, తోటివాళ్లు చాలా ముందుకు పోయారని అర్థం. కొందరిలో గీత అడ్డంగా ఆగుతుంది, కొందరిలో నిజంగానే కిందికి దిగుతుంది. కాగితం మీద రెండూ తగ్గుదలగానే కనిపిస్తాయి.

ఈ తేడా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఇది అసలు పరీక్షలోని ప్రశ్న కాదు, అలాంటిది. పడవకీ ఎడ్లబండికీ పోలిక ఏమిటి? ఎనిమిదేళ్ల పిల్లవాడు "రెండూ ఎక్కుతాం" అంటాడు. బాగుంది. పదమూడేళ్లకు "రెండూ ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోతాయి" అనో "ప్రయాణ సాధనాలు" అనో అనాలి. రెండు వస్తువుల్నీ వదిలేసి, వాటిపైన ఉన్న ఒక భావాన్ని పట్టుకోవడం అది. నా దగ్గరికి వచ్చిన ఆ పిల్లవాడు ఇలాంటి ప్రశ్నకు ఏం చేశాడో నాకు బాగా గుర్తుంది. "పడవ నీళ్లలో... బండికి ఎద్దులుంటాయి... నీళ్లలోకి బండి పోదు..." అని ఆగాడు. బల్ల మీద వేలితో గీతలు గీశాడు. నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వులో ఇబ్బంది ఉంది. తెలియక ఆగిన పిల్లల్ని రోజూ చూస్తాను. వీడిది వేరు. వెళ్లాల్సిన చోటు వాడికి తెలుసు, దారే దొరకడం లేదు. వాళ్లమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

ఆవిడ సంచి అడుగున ఒక మడత కాగితం దొరికింది. ఎనిమిదేళ్లప్పుడు బడిలో చేర్చుకోవడానికి ఎవరో చేయించిన ఐక్యూ పరీక్ష రిపోర్టు. టీ మరక పడి ఉంది. ఆవిడకు దాని విలువ తెలియదు, పారేయబోయి ఉంచానంది. నాకు మాత్రం బంగారం దొరికినట్టయింది. అదే పరీక్ష మళ్లీ చేశాను. బొమ్మలు, ముక్కలు అమర్చే భాగంలో మార్కులు దాదాపు అలాగే ఉన్నాయి. మాటల భాగంలో పది పాయింట్లకు పైగా తగ్గాయి. ఆ పాత కాగితమే లేకపోతే "ఈ పిల్లవాడి ఐక్యూ కాస్త తక్కువ, ఈ జబ్బులో అది మామూలే" అని రాసి పంపించేసేదాన్ని. ఎందుకంటే ఈ పిల్లల్లో ఐక్యూ సగటున డెబ్బైకి అటూఇటూ ఉండడం మామూలే. తక్కువ ఉండడంలో హెచ్చరిక లేదు. ఉన్నచోటి నుంచి జారడంలో ఉంది. అందుకే ఈ పిల్లవాణ్ని పక్కింటి పిల్లవాడితో పోల్చవద్దు. రెండేళ్ల కిందటి వాడితోనే పోల్చి చూడాలి.

మాటే ఎందుకు? దీనికీ ఒక కారణం ఉంది. ఈ పిల్లలకు మాట ఆలస్యంగా వస్తుంది. చిన్నప్పుడు అంగిలి సమస్య వల్ల ముక్కుతో మాట్లాడతారు, స్పీచ్ థెరపీకి తిరుగుతారు. బడి వయసుకి వచ్చాక మాత్రం తమాషాగా తిరగబడుతుంది. లెక్కలు, బొమ్మలు, దిక్కులు, గడియారం చూడడం వీటిలో తడబడతారు, మాటల్లో ముందుంటారు. పద్యం వల్లె వేయమంటే వేస్తారు, విన్నది చెప్పమంటే చెబుతారు. ఇంట్లోవాళ్లకీ బడికీ వాళ్ల గురించి ఉన్న ధైర్యం ఆ మాటే. ఎక్కువమంది పిల్లల్లో ఆఖరిదాకా నిలబడే ఆ గట్టి స్తంభమే కదలడం మొదలైతే అది చూడాల్సిన విషయం. ఇది ఒక్క 22క్యూ పిల్లల సంగతి కూడా కాదు. స్వీడన్‌లో పదివేలమందికి పైగా మగపిల్లలకు పదమూడేళ్లప్పుడు, మళ్లీ సైన్యంలో చేరే పద్ధెనిమిదేళ్లప్పుడు చేసిన పరీక్షలను పోల్చి చూశారు. 2013లో వచ్చిన ఆ అధ్యయనంలో కూడా, ఆ మధ్యకాలంలో మాటల సామర్థ్యంలో తోటివారికంటే వెనకబడినవాళ్లకే పెద్దయ్యాక సైకోసిస్ ముప్పు ఎక్కువగా కనబడింది. వాళ్లకేమీ జన్యులోపం ఉందని ఎంచుకోలేదు, మామూలు పిల్లలే.

ఇంట్లో ఇది ఎలా కనబడుతుందంటే, చప్పుడు లేకుండా కనబడుతుంది. అడిగినదానికి జవాబు రావడానికి ఇదివరకటికంటే ఎక్కువసేపు పడుతుంది. జోకు వేస్తే అందరూ నవ్వాక నవ్వుతాడు. అమ్మ రెండు పనులు కలిపి చెబితే ఒకటే చేసుకొస్తాడు. నిన్న బడిలో జరిగింది చెప్పమంటే ముందూ వెనకా కలిసిపోతాయి. తెలుగు పాఠం చదువుతాడు గానీ దాని కింద ప్రశ్నకు సొంతమాటల్లో రాయలేడు, పాఠంలోని వాక్యమే దించుతాడు. స్నేహితులు ఒక్కొక్కరే తగ్గుతారు, వాళ్ల కబుర్ల వేగం అందుకోలేక తనే తప్పుకుంటాడు. భయం పెరుగుతుంది. చుట్టాలొస్తే గదిలోకి పోతాడు, పరీక్ష అంటే కడుపునొప్పి అంటాడు. భయాన్ని విడిగా చెబుతున్నాను, ఎందుకంటే ఈ పిల్లల్లో ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లకు తర్వాత సైకోసిస్ ముప్పు కూడా ఎక్కువని ఇజ్రాయెల్ మనోవైద్యుడు దోరాన్ గోటెల్ఫ్, ఆయన సహచరులు చూపించారు. భయానికి మందులూ ఉన్నాయి, మాటల చికిత్సా ఉంది. దానికోసం సైకోసిస్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.

అయితే ఏ పిల్లవాడు పదమూడేళ్లకు మాట తగ్గించడు? నిజమే. వయసు వచ్చిన పిల్లలు మనతో మాట్లాడడం తగ్గించి స్నేహితులతో గంటలకొద్దీ మాట్లాడతారు. ఇష్టం లేక మాట్లాడకపోవడం వేరు, మాట్లాడబోయి అందుకోలేకపోవడం వేరు. తల్లికి ఆ తేడా తెలుస్తుంది. ఆవిడ చెబితే వినే డాక్టరు కావాలి, అంతే.

ఇక మాట తగ్గిందనగానే సైకోసిస్ దాకా పరుగెత్తకూడదు. ముందు వెతకాల్సినవి వేరే ఉన్నాయి. ఈ లోపం ఉన్నవాళ్లకు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు సరిగా పనిచేయక ఏ వయసులోనైనా కాల్షియం పడిపోవచ్చు, ముఖ్యంగా ఎదిగే వయసులో, జ్వరాలప్పుడు, ఆపరేషన్లప్పుడు. కాల్షియం తగ్గితే మందకొడితనం, చిరాకు, ఫిట్స్ వస్తాయి. థైరాయిడ్ తగ్గినా మందకొడితనమే. చెవిలో చీము, వినికిడి లోపం వీళ్లలో తరచుగా ఉంటాయి. సరిగా వినబడని పిల్లవాడు ఆలస్యంగా జవాబు చెప్పడంలో వింతేముంది? నిద్రలో ఊపిరి అడ్డుపడడం ఉండవచ్చు. పైకి కనబడని చిన్న చిన్న మూర్ఛలు ఉండవచ్చు. వీటిలో చాలావాటికి ఒక రక్తపరీక్షతో, ఒక వినికిడి పరీక్షతో జవాబు దొరుకుతుంది. అవి చేయించకుండా మనసు జబ్బని ముద్ర వేయడం అన్యాయం.

మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. ఎనిమిదేళ్లప్పుడు తెలుగులో పరీక్ష చేసిన పిల్లవాడికి, ఇంగ్లీషు మీడియంలో వేశారు కదా అని పదమూడేళ్లకు ఇంగ్లీషులో పరీక్ష చేస్తే మార్కులు తగ్గక ఏమవుతాయి? ఒకసారి మాలిన్ పరీక్ష, ఇంకోసారి బినే కామత్ పరీక్ష చేస్తే ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అందుకే అడగండి. ఏ పరీక్ష చేశారు, ఏ భాషలో చేశారు, మాటల భాగంలో ఎంత, చేతల భాగంలో ఎంత అని విడివిడిగా రాయించుకోండి. మొత్తం కలిపి ఒక్క అంకె ఇస్తే ఇలాంటి జారుడు అందులో దాగిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా గీత జారుతూనే ఉంటే? అప్పటికీ అది జబ్బు కాదు. ముప్పు పెరిగిందనే గుర్తు మాత్రమే. మాట తగ్గినా ఏ జబ్బూ రాని పిల్లలు బోలెడుమంది ఉన్నారు. ఐక్యూ తగ్గిందని చెప్పి ముందుజాగ్రత్తగా సైకోసిస్ మందులు మొదలుపెట్టడం సరికాదు. చేయాల్సింది రెండు. ఆర్నెల్లకో ఏడాదికో ఒకసారి మనోవైద్యుడికి చూపిస్తూ ఉండడం. పిల్లవాడి నెత్తిన ఉన్న బరువు తగ్గించడం.

ఈ రెండోదాని దగ్గరే నాకు మనవాళ్లతో పెద్ద పేచీ. మార్కులు తగ్గాయంటే మనం చేసే మొదటి పని ట్యూషన్ పెట్టించడం. రెండో పని రెసిడెన్షియల్ స్కూలు హాస్టల్లో వేయడం. తెల్లవారుజామున లేపి రాత్రి పదిదాకా చదివించే చోట, అప్పటికే దారి దొరకక తడబడుతున్న పిల్లవాణ్ని పడేస్తాం. నిద్ర పోతుంది, భయం పెరుగుతుంది, తోటివాళ్ల వెక్కిరింపులు మొదలవుతాయి. రోజూ ముఖం చూసి తేడా కనిపెట్టగలిగిన ఒకే ఒక్క మనిషి, తల్లి, పక్కన ఉండదు. బద్ధకమని కొట్టే తండ్రులూ ఉన్నారు. గుండె ఆపరేషన్ చేయించుకున్న పిల్లవాణ్ని పరిగెత్తమని ఎవరూ కొట్టరు. మెదడు అలసిపోయిన పిల్లవాణ్ని మాత్రం కొడతారు. ఇది నన్ను బాధపెట్టే విషయం. పాఠాలు తగ్గించి, ముక్కలుగా చెప్పి, పరీక్షకు ఎక్కువ టైము అడిగి, రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోబెట్టే ఇల్లు ఆ పిల్లవాడికి ఏ ట్యూషన్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఇంటర్లో ఎంపీసీ అనే మాట మరిచిపోతే ఇంకా మేలు.

పరీక్షల సంగతి చెబుతాను. పుట్టుకతో గుండెజబ్బు, అంగిలి లోపం లేదా ముక్కుతో మాట్లాడడం, పసితనంలో కాల్షియం తగ్గి ఫిట్స్, చదువులో వెనకబాటు, వీటిలో రెండో మూడో ఒకే పిల్లవాడిలో ఉంటే ఈ జన్యుపరీక్ష గురించి డాక్టరుని అడగండి. ఫిష్ అనే పరీక్ష ఉంది, అంతకంటే వివరంగా చెప్పే మైక్రోఅరే ఉంది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ వంటి సంస్థల్లో, నిమ్స్‌లోని జన్యువైద్య విభాగంలో ఇలాంటి పరీక్షలకూ సలహాకూ వీలుంది. పిల్లల ఐక్యూ, సామర్థ్యాల పరీక్షలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఎందరో పేదింటి పిల్లలకు గుండె ఆపరేషన్లు జరిగాయి. వాళ్లలో టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే లోపంతో పుట్టినవాళ్లు చాలామంది. ఆ లోపం ఉన్న పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి, లేదా అంతకు కాస్త ఎక్కువమందికి, 22క్యూ లోపం ఉంటుంది. ఆ పిల్లలు ఇప్పుడు పదో తరగతిలో, ఇంటర్లో, డిగ్రీలో ఉన్నారు. గుండె బాగైంది, ఫైలు మూసేశారు. ఆ ఫైలు మళ్లీ తెరవాలని నా కోరిక. గుండె డాక్టర్లు ఏడాదికోసారి ఎకోకి వచ్చిన పిల్లవాణ్ని, "ఏ క్లాసు? మార్కులు ఎలా ఉన్నాయి? కబుర్లు చెబుతున్నాడా?" అని అడిగితే చాలు, ఎందరో పిల్లల దారి మారుతుంది.

ఆ పిల్లవాడి సంగతి ముగిస్తాను. కాల్షియం కాస్త తక్కువే ఉంది, సరిచేశారు. కాస్త హుషారు వచ్చింది గానీ మాట పూర్తిగా తిరిగి రాలేదు. ఆర్నెల్లకోసారి వస్తూ ఉండేవారు. ఏం అడగాలో, ఎలా అడగాలో తల్లికి ముందే చెప్పి ఉంచాం. పదహారో ఏట ఒక రాత్రి అన్నం తింటూ వాడే ఆవిడతో అన్నాడట, "అమ్మా, ఎవరూ లేనప్పుడు కూడా నా పేరు పిలిచినట్టు వినిపిస్తోంది" అని. ఆవిడ కంచం వదిలి కేకలు పెట్టలేదు, భూతవైద్యుడి దగ్గరికి పరుగెత్తలేదు. "ఎప్పట్నుంచిరా?" అని అడిగింది. వారంరోజులనుంచి అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో ఉన్నారు. మందు తక్కువ మోతాదులో మొదలైంది. సైకోసిస్‌లో చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది. వీడికి ఆలస్యం వారమే. ఇప్పుడు మేనమామ జిరాక్స్ షాపులో కూర్చుంటున్నాడు. మందు మానలేదు. డిగ్రీ చదవలేదు. చెల్లెలికి సినిమా కథ మునుపటిలా చెప్పలేడు, కానీ ఆమెతో కలిసి సినిమాకి వెళతాడు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో, మీ తరగతిలోనో ఇలాంటి బిడ్డ ఉంటే మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. ఏడెనిమిదేళ్ల వయసులో ఒకసారి తెలివితేటల పరీక్ష చేయించండి. పదకొండు, పన్నెండేళ్లకు అదే పరీక్ష, అదే భాషలో మళ్లీ చేయించండి. ఆ రెండు కాగితాలూ గుండె రిపోర్టుల పక్కనే, అదే సంచిలో పెట్టండి. పిల్లవాడు చిన్నప్పుడు కథ చెబుతుండగా ఫోనులో తీసిన వీడియో ఉంటే చెరిపేయకండి, డాక్టరుకి చూపించండి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కి ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు. డబ్బు కట్టక్కరలేదు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు.